చేతికందిన పుస్తకం, 56వ పేజీ, ఐదో వాక్యం

ఆట నియమం చాలా చిన్నది. కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాపితే ఏ పుస్తకం ముందు అందుతుందో దాన్నే తీయాలి. 56వ పేజీ తెరిచి ఐదో వాక్యం పైకి చదవాలి. పుస్తకం పేరు చెప్పకూడదు, ముందు వెనకల వాక్యాలు చదవకూడదు. కొందరు 23వ పేజీతో ఆడతారు, కొందరు 123తో. మేం 56తో మొదలుపెట్టాం.

మాది శ్రీకాకుళంలో అరసవల్లి. ముందు గదిలోనే నా కుట్టు మిషను. ఆదివారం సాయంత్రం పని ఆపేశాక అక్కడే అందరం చాప మీద చేరతాం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, గ్రూప్స్‌కి చదువుతున్న మా మరిది. ఈ ఆటకి నలుగురున్నా చాలు, కానీ ఆరుగురుంటే రంజుగా ఉంటుంది.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ‘దగ్గరున్న పుస్తకం’ అన్న మాట. ఆట చెప్పగానే ఎవరో ఒకరు లేచి బీరువా దగ్గరికి వెళ్తారు, మంచి నవల తెద్దామని. వెళ్లనివ్వకండి. మంచి వాక్యం ఏరుకొచ్చి చదివితే అది మన గొప్ప చూపించుకోవడం అవుతుంది, ఆట అవదు. మా పక్కింటావిడ ‘మా ఇంట్లో పుస్తకాలెక్కడివమ్మా, మేమేటి ఆడతాం’ అంది. వెళ్లి చూస్తే టీవీ పక్కన పంచాంగం, పిల్లాడి సైన్సు పుస్తకం, ఊరగాయల పుస్తకం, డ్వాక్రా శిక్షణలో ఇచ్చిన పుస్తకం ఉన్నాయి. ఇంకేం కావాలి? నిజానికి ఇలాంటివే ఈ ఆటకి ప్రాణం. చేత్తో రాసుకున్నవి మాత్రం వద్దు. నా కొలతల పుస్తకమే నాకు అన్నిటికన్నా దగ్గర, కానీ ‘నడుము 32, పొడవు 14’ అన్నది వాక్యం కాదు కదా.

లెక్కపెట్టడంలో పేచీలొస్తాయి, అందుకని ముందే ఒప్పందానికి రండి. కిందటి పేజీ నుంచి సాగి వచ్చిన సగం వాక్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. శీర్షికలు, బొమ్మల కింద రాతలు వదిలేయాలి. ‘డా.’, ‘కి.మీ.’ పక్కనుండే చుక్క వాక్యం ముగిసినట్టు కాదు. మా చిన్నది ఇక్కడ భలే వాదిస్తుంది. పేజీ నిండా పట్టికలే ఉంటే (పంచాంగంలో ఇది మామూలే) వాక్యాలున్న తర్వాతి పేజీకి వెళ్లాలి. పుస్తకంలో 56 పేజీలే లేకపోతే ఐదూ ఆరూ కలిపి 11వ పేజీ తీస్తాం. పద్యాలైతే వాక్యం ఎక్కడ తెగుతుందో తేలదు, కాబట్టి పై నుంచి ఐదో పాదం చదవాలి. పాత పుస్తకాల్లో పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో ఉంటాయి. ౫౬ అని కనిపిస్తే అదే మనకి కావలసింది.

చదవడం అయ్యాక అసలు ఆట మొదలవుతుంది. వాక్యం విన్నవాళ్లు మూడు ప్రశ్నలకి జవాబు ఊహించాలి: ఇది ఎవరి గురించి, ఎక్కడ జరుగుతోంది, దీనికి ముందు ఏమైంది. మా ఇంట్లో మొదటి ఊహ అత్తయ్యది. ఆవిడకి చదువు రాదు. చదవడం రాని పెద్దవాళ్లని, ఇంకా అక్షరాలు పట్టుబడని పిల్లలని పక్కన కూర్చోబెట్టి ఆడుకోవడం నాకు నచ్చదు. వాళ్లకే మొదటి అవకాశం ఇవ్వండి. చదివేవాళ్లకి పుస్తకం అట్ట కనబడుతుంది కాబట్టి జవాబు తెలిసిపోతుంది. వినేవాళ్లకే ఊహ పనిచేస్తుంది. ఒకసారి మా ఆయన చదివింది ఇది: ‘ఆ తర్వాత మూడు రోజుల పాటు కదపకుండా ఉంచాలి.’ అత్తయ్య వెంటనే, ‘ఎవులో పాపం కాలు ఇరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టీసినారు కావాల’ అంది. పెద్దాడు బాంబన్నాడు. తీరా చూస్తే అది జాడీలో పెట్టిన ఆవకాయ.

ఈ ఆటకి తెలుగు ఎంత బాగా అమరుతుందో ఇక్కడే తెలుస్తుంది. మన భాషలో కర్త లేకుండానే వాక్యం నిలబడుతుంది. ఎవరు కదపకూడదు, దేన్ని కదపకూడదు అన్నది పక్క వాక్యంలో ఉండిపోతుంది, మన చేతికి వచ్చింది మాత్రం క్రియ ఒక్కటే. అందుకే చప్పగా ఉందనుకున్న వాక్యాన్ని వదలకండి. ‘అవును, నిజమే’ లాంటిది వచ్చినా సరే, ఏ ప్రశ్నకి ఈ జవాబు అని అడగండి. మా మరిది గైడులో ఎప్పుడు తెరిచినా ‘కింది వాటిలో సరికానిది ఏది?’ వస్తుంది. అది వచ్చినప్పుడు పుస్తకం పక్కన పెట్టి, ఇంట్లో సరికానిది ఏదో తలా ఒకటి చెప్పాలని పెట్టుకున్నాం. నల్లా కారడం దగ్గర్నుంచి అన్నీ బయటికొస్తాయి.

అందరి వాక్యాలూ వచ్చాక వాటిని వరసగా పేర్చి కథ అల్లాలి. వాక్యాల్లో ఒక్క మాట కూడా మార్చకూడదు, మధ్యలో మాత్రం మనిషికో వాక్యం సొంతంగా కలపొచ్చు. సైన్సు పుస్తకంలోని ‘దానిని చీకటి గదిలో ఉంచండి’ ఆవకాయ వాక్యానికి ముందు వచ్చింది ఓసారి. అక్కడ నిజానికి ఉంచమన్నది కుండీలో మొక్కని, ఆకుల్లో పిండిపదార్థం పోవడానికి. మా పిల్లలు మాత్రం రెండూ కలిపి దెయ్యం కథ అల్లేశారు. కథ పూర్తయ్యేదాకా పుస్తకాల పేర్లు బయటపెట్టకండి. పేరు తెలిసిన మరుక్షణం ఊహ ఆగిపోతుంది.

కాస్త పెద్దవాళ్లుంటే వాక్యం వయసు కనిపెట్టే ఆట ఆడండి. ‘వచ్చియుండెను’, ‘చేయవలెను’ అని ఉంటే పాతది, ‘వచ్చాడు’, ‘చెయ్యాలి’ అని ఉంటే తర్వాతది అని మొదలుపెట్టొచ్చు. కానీ తొందరపడకూడదు. మొన్నమొన్నటి ఇన్సూరెన్సు కాగితాల్లో కూడా ‘కలదు’ ఉంటుంది. మనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మా జిల్లా పర్వతాలపేటలోనే, 1863 ఆగస్టు 29న. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. బడిలో ఆ రోజు ఉపన్యాసాల తర్వాత ఈ ఆట ఆడించమని మాస్టార్లకి నా మనవి. పిల్లలు క్రియల చివర్లు చూసి కాలం పోల్చుకుంటుంటే వ్యవహారిక భాష అంటే ఏమిటో వాళ్లకే తెలుస్తుంది.

దీనికి పాత వాక్యాలు కావాలంటే మా ఊళ్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. పాత పత్రికలూ సంపుటాలూ అక్కడ ఉంటాయి. వెళ్లి ఒక్కో కథ నుంచి ఐదో వాక్యం, పక్కన సంవత్సరం రాసుకుని తెచ్చుకుంటే ఒక పూట ఆటకి సరిపోతుంది.

దూరాన ఉన్నవాళ్లని వదిలేయొద్దు. మా తమ్ముడు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనిలో ఉంటాడు. వాడి గదిలో పుస్తకం ఉండదు. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలో ఐదో వాక్యం చదివి వాయిస్ మెసేజ్ పంపుతాడు. దానికీ మార్కులు ఇస్తాం. ఫోన్‌లో వెతికి తీసిన వాక్యానికి మాత్రం ఇవ్వం, చేతికి తగిలే కాగితం ఉండాలి. ఊహలన్నీ చెప్పేశాక వాడు ఆ ముక్క ఫొటో పెడతాడు.

మూడు చుట్లు చాలు. ఇంకా ఆడదాం అని పిల్లలు అంటున్నప్పుడే ఆపండి. బాగా ఊహించినవాళ్లు వచ్చే ఆదివారం పేజీ నంబరు చెప్పాలి, కానీ ఆటకి కూర్చున్నాకే. ముందే చెప్తే వారమంతా ఆ పేజీలు తిరగేసి పెట్టుకుంటారు.