ల్యాప్‌టాప్ తెర గ్లాసీనా, మ్యాటా? కొనేముందే తేల్చుకోవడం ఎలా?

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలులోనైనా షాపులో ల్యాప్‌టాప్‌లన్నీ రంగురంగుల వీడియోలతో వెలిగిపోతుంటాయి. ఆ వెలుగులో తెర ఏ రకమో కనిపెట్టడం కష్టం. కాబట్టి ముందు దాన్ని ఆపించాలి.

1. "అన్నా, ఒక్క నిమిషం స్క్రీన్ ఆఫ్ చెయ్" అని అడగండి. పైన ప్లాస్టిక్ కవరు ఉంటే అదీ తీయించండి. ఇప్పుడు నల్లటి తెరలోకి చూడండి. మీ ముఖం, వెనకున్న ట్యూబ్‌లైటు అంచులతో సహా కనిపిస్తే గ్లాసీ. లైటు తెల్లటి మరకలా చెదిరిపోతే మ్యాట్. చీమకుర్తి గ్రానైటు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: పాలిష్ పట్టిన వైపు ముఖం కనిపిస్తుంది, పట్టని వైపు కనిపించదు, రాయి మాత్రం ఒకటే. మ్యాట్ తెర పైపొరకు కంటికి ఆనని గరుకు ఉంటుంది. పడిన వెలుగును అది నలుదిక్కులా చెదరగొడుతుంది.

2. ఇంకా అనుమానంగా ఉంటే ఫోన్ టార్చి వేసి చూడండి. గ్లాసీలో చుక్కలా మెరుస్తుంది, మ్యాట్‌లో చుట్టూ అలుక్కుపోతుంది.

3. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు స్పెసిఫికేషన్లు చదవాల్సిందే. "యాంటీ గ్లేర్" అని ఉంటే సాధారణంగా మ్యాట్. "యాంటీ రిఫ్లెక్షన్" వేరు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అది ప్రతిబింబాన్ని కొంత తగ్గించే పూత, గ్లాసీ తెరలకూ వేస్తారు. హెచ్‌పీ వాళ్ల "బ్రైట్‌వ్యూ", డెల్ పాత మోడళ్ల "ట్రూలైఫ్" గ్లాసీకి పెట్టిన పేర్లే. టచ్‌స్క్రీన్లు, ఓఎల్ఈడీలు (ప్రతి చుక్కా తానే వెలిగే తెరలు) ఎక్కువగా గ్లాసీ. మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా అంతే. ఒకే మోడల్ రెండు రకాల తెరలతోనూ రావచ్చు, అందుకని పూర్తి మోడల్ నంబరు సరిచూసుకోండి.

4. నిట్స్ (తెర వెలుగును కొలిచే యూనిట్) ఎన్నో చూడండి. 250 నిట్స్ తెర మ్యాటే అయినా పగలు వరండాలో మసకగానే ఉంటుంది. బయట పనుంటే 400, ఆపైన ఉన్నది వెతకండి.

రొయ్యల చెరువు గట్టు మీద లెక్కలు చూసుకునేవాళ్లకు, కిటికీలు తెరిచిన గదిలో రోజంతా టైపు చేసేవాళ్లకు మ్యాటే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఫొటోలు దిద్దేవాళ్లకు, రాత్రిళ్లు సినిమాలు చూసేవాళ్లకు గ్లాసీ నచ్చుతుంది. అందులో నలుపు చిక్కగా, రంగులు నిండుగా ఉంటాయి.

గ్లాసీ ఇప్పటికే కొనేసి ఉంటే కిటికీ మీ వీపు వెనక కాకుండా పక్కకు వచ్చేలా కూర్చోండి. అదీ చాలకపోతే మీ తెర సైజుకు సరిపోయే మ్యాట్ ఫిల్మ్ అంటించుకోవచ్చు. అక్షరాల పదును మాత్రం కాస్త తగ్గుతుంది.