పోర్ట్‌లాండ్‌లో విమానాలు చూడాలంటే ముందు గాలి చూడండి

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు కొత్తగా వచ్చినవారు విమానాల ఫోటోలకు ఎక్కడ నిలబడాలని అడిగితే, నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఇవాళ గాలి ఎటునుంచి? విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. ఇక్కడ వేసవిలో ఎక్కువగా పడమటి గాలి, వాయవ్యపు గాలి. అప్పుడు రాకపోకలన్నీ పడమర ముఖంగా, 28 నంబరు రన్‌వేల మీద సాగుతాయి (ఆ నంబరు విమానం సాగే దిక్కును చెబుతుంది). చలికాలంలో కొలంబియా నది లోయలోంచి తూర్పుగాలి విసిరికొడుతుంది. అప్పుడు అవే రన్‌వేలు 10 నంబరు పేరుతో తూర్పు ముఖం పెడతాయి. వాతావరణం చూడకుండా బయలుదేరితే మీరు ఒక చివర, విమానాలు ఇంకో చివర.

ఇక్కడి విమానాశ్రయంలో తూర్పు పడమరలుగా సమాంతరంగా రెండు రన్‌వేలున్నాయి. దక్షిణపు దాని పొడవు 11,000 అడుగులు. దానికి ఆవల ఒరెగాన్ ఎయిర్ నేషనల్ గార్డ్ (రాష్ట్రపు వైమానిక దళం) వారి 142వ వింగ్ అనే యుద్ధవిమాన దళపు స్థావరం. అందుకే అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 వెళ్లిన కాసేపటికే ఎఫ్-15 యుద్ధవిమానాల జంట లేవడం ఇక్కడ కనబడుతుంది.

నిలబడటానికి మెరైన్ డ్రైవ్ మంచిది. ఉత్తరపు రన్‌వేకూ కొలంబియా నదికీ మధ్య వెళ్లే రోడ్డు అది, పక్కనే నడకకూ సైకిళ్లకూ దారి ఉంది. కారును పార్కింగ్ గుర్తులున్న చోటే ఆపండి. ట్రైపాడ్‌ను దారి మధ్యలో పాతకండి, సైకిళ్లవాళ్లు చాలా వేగంగా వస్తారు. ఒక చిక్కు మాత్రం ఉంది: రన్‌వే మీకు దక్షిణాన ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండ నేరుగా కెమెరాలోకే. చలికాలంలో రోజంతా ఇదే బాధ. జూన్, జూలై నెలల్లో సాయంత్రం ఆరు దాటాక సూర్యుడు వాయవ్యానికి జరిగి మీ వెనక్కి వస్తాడు. మబ్బు లేకపోతే తూర్పు దిక్కున మౌంట్ హుడ్ మంచుకొండ కూడా చిత్రంలో పడుతుంది. మిగతా వేళల్లో తీసినవాటిని నేను లెక్కలోకే తీసుకోను.

ప్రయాణికుల విమానాలకు ఫోనులోని ట్రాకర్, అంటే ఏ విమానం ఎక్కడుందో చూపే యాప్ చాలు. ఫ్లైట్‌రాడార్24 కొన్ని విమానాలను దాచిపెడుతుంది, ఏడీఎస్-బీ ఎక్స్చేంజ్ దాచదు. కానీ యుద్ధవిమానం తన స్థానాన్ని ప్రసారం చేయకపోతే రెండూ గుడ్డివే. అప్పుడు చెవులకే పని. పైలట్ల, టవర్‌వారి మాటలు వినిపించే రేడియో స్కానర్ కొనేటప్పుడు 118-137 మెగాహెర్ట్జ్‌తో పాటు 225-400 మెగాహెర్ట్జ్ కూడా పట్టేది తీసుకోండి. ఫైటర్ పైలట్లు ఎక్కువగా ఈ రెండో శ్రేణిలోనే మాట్లాడతారు. మొదటి శ్రేణినే పట్టే చౌక రేడియోలో చాలాసార్లు టవర్ మాట మాత్రమే వినిపించి, పైలట్ జవాబు వినిపించదు. సగం సంభాషణ వింటూ ఆకాశమంతా వెతుక్కోవడం ఎందుకు?

ఎఫ్-15లు ఎక్కువగా పనిదినాల్లో పగటిపూట ఎగురుతాయి. రాత్రి శిక్షణ ఉంటే చుట్టుపక్కలవారి కోసం వింగ్ ముందే ప్రకటిస్తుంది. ఆ కబురు మనకూ పనికొస్తుంది. 2024 జూన్‌లో ఇక్కడికి ఎఫ్-15ఈఎక్స్‌ల రాక మొదలైంది. వీటిలో రెండు సీట్లుంటాయి, పాత ఎఫ్-15సీలో ఒకటే. కాబట్టి అద్దపు గూటిని చూసి గుర్తుపట్టవచ్చు. లేచేటప్పటికంటే తిరిగొచ్చేటప్పుడు మంచి బొమ్మ దొరుకుతుంది. రన్‌వే మీదుగా వస్తూ ముందుది ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది, కొన్ని క్షణాల తర్వాత రెండోది. అలా మీవైపు ఒరిగితే వీపంతా కనిపిస్తుంది. షట్టర్ 1/1000 సెకను లేదా ఇంకా వేగంగా పెట్టండి. ప్రొపెల్లర్ విమానాలకు 1/250కి తగ్గించండి, లేకపోతే ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా బిగుసుకుపోయి బొమ్మ విమానంలా ఉంటుంది. పిల్లల్ని తెస్తే వాళ్ల చెవులకు రక్షణ కూడా తీసుకురండి.

పబ్లిక్ రోడ్డు మీద నిలబడి ఎగిరే విమానాన్ని ఫోటో తీయడం ఇక్కడ తప్పు కాదు. అలాగని కంచె ఎక్కకండి, స్థావరం గేటు దగ్గర బోర్డుల మాట మీరకండి. డ్రోన్ అసలు తీయకండి. పోలీసు ఆగి అడిగితే తీసినవి చూపించి, ఉన్నది చెబితే సరి. వీసా మీద ఉన్నవారు గుర్తింపు పత్రాలు జేబులో పెట్టుకోండి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఈ అలవాటు మానుకోవాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళపు ఐఎన్‌ఎస్ డేగా స్థావరం. ప్రయాణికుల విమానాలూ ఏళ్లుగా అదే రన్‌వే వాడుతూ వచ్చాయి. అక్కడ కెమెరా బయటికి తీయకూడదు. నౌకాదళ విన్యాసాలు రామకృష్ణా బీచ్‌లో జరిగితే అక్కడికి వెళ్లండి, ఇసుకలో నిలబడి హాక్ జెట్లనూ హెలికాప్టర్లనూ చూడవచ్చు. హైదరాబాద్ వారికి బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన ఉంది. సామాన్యులను అనుమతించే రోజులేవో చూసుకుని టికెట్టు తీసుకోండి.