బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు వీధులు లెక్కపెట్టండి

ఉద్యోగం వచ్చిందని మనవాళ్లెవరైనా ఫోన్ చేసి "అన్నా, సర్జాపుర రోడ్డు వైపు ఇల్లు దొరికింది, ఆఫీసుకి రెండు కిలోమీటర్లే" అంటే, అడ్వాన్సు అప్పుడే ఇవ్వొద్దంటాను. దూరం ఎంతన్నది కాదు, బయటపడే దారులు ఎన్నున్నాయన్నది ముఖ్యం. ముందు మ్యాపు తెరవండి.

ఇంటి చుట్టూ అర కిలోమీటరు మేర చూడండి. కూడళ్లు, రోడ్డు ఆగిపోయే చోట్లు కలిపి లెక్కపెట్టండి. వాటి మధ్య ఉన్న రోడ్డు ముక్కల్ని విడిగా లెక్కించి, ఆ సంఖ్యని మొదటి లెక్కతో భాగించండి. 1.4 దాటితే దారులు బాగా కలిసినట్టు. 1 దగ్గరుంటే చెట్టు కొమ్మల్లా అన్నీ ఒకే మొదలుకి చేరతాయి.

తేడా కళ్లారా చూడాలంటే మల్లేశ్వరం వెళ్లండి. 1898 ప్లేగు రోజుల్లో ఊపందుకున్న పేట అది. ప్లాను గీసి, మెయిన్లు (పొడవాటి వీధులు), వాటిని కలిపే క్రాసులు (అడ్డ వీధులు) వేశారు. సంపిగె రోడ్డు నిండిపోతే ఏదో ఒక క్రాసులోంచి మార్గోసా రోడ్డుకి జారుకోవచ్చు.

శివార్లలో పెరుగుదల అలా జరగలేదు. ఒక రైతు పొలం అమ్మితే ఒక లేఅవుట్, పక్కాయన అమ్మితే ఇంకొకటి. లోపలి రోడ్డు సర్వే నంబరు హద్దు దగ్గర ఆగిపోతుంది, అవతల కాంపౌండు గోడ. అందరూ బయటపడాల్సింది పాత ఊరి రోడ్డు మీదకే. 2007లో నగర పాలక సంస్థగా బీబీఎంపీ ఏర్పడినప్పుడు 110 గ్రామాలు నగరంలో కలిశాయి. ఊళ్లు కలిసినంత తేలిగ్గా వీధులు కలవలేదు.

మ్యాపు చూశాక నడిచి చూడాల్సిందే. ఇంటి వెనక రాజకాలువె (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) ఉంటే దాని మీద వంతెన ఎక్కడుందో కనుక్కోండి. మ్యాపులో ఆనుకున్నట్టు కనబడే రెండు వీధుల మధ్య పెద్ద చుట్టు ఉండొచ్చు. గేటు కనిపిస్తే వాచ్‌మన్ దగ్గర ఆగి "గేట్ ఎష్టొత్తిగె ముచ్తారె?" (గేటు ఎన్నింటికి మూస్తారు?) అని కన్నడలో అడగండి. మా వీధి చివరి ఇనుప గేటు రాత్రి పదికి తాళం పడుతుంది, మ్యాపుకి ఆ సంగతి తెలియదు. అసలు కబుర్లు ఇస్త్రీ బండి దగ్గర దొరుకుతాయి: నీళ్ల ట్యాంకరు ఎక్కడ అడ్డం నిలబడుతుంది, వానొస్తే ఏ మలుపు మునుగుతుంది, గోడలో సందు ఎక్కడుంది, అన్నీ చెప్తారు. ఆ సందుని మాత్రం దారిగా లెక్కేయకండి, రేపే ఇటుకలు పెట్టేస్తారు.

చివరగా, ఓనరు "మెయిన్ రోడ్డు రెండు నిమిషాలే" అంటే ఆయన్నే వెంటబెట్టుకుని ఉదయం తొమ్మిదింటికి బండి మీద ఒకసారి వెళ్లి రండి. బేరం ఆ తర్వాత మొదలుపెట్టండి.