గాలపాగోస్ దీవులకి వెళ్లేముందు ఇవి చూస్కోండి

జూన్‌లో వెళ్లేవాళ్ల కోసం, పాస్‌పోర్ట్ ఛార్జర్ లాంటివి నేను చెప్పక్కర్లేదు.

- ట్రాన్సిట్ కంట్రోల్ కార్డు (దీవులకి వెళ్లేవాళ్లకిచ్చే అనుమతి కార్డు) ఈక్వడార్‌లోని కీటోలోనో గ్వయాకిల్‌లోనో ఫ్లైట్‌కి ముందే తీస్కోండి, అది లేకపోతే దీవుల ఫ్లైట్ ఎక్కనివ్వరు, ఇక క్రూజ్‌కి కట్టిన డబ్బులు గోవిందా.

- నేషనల్ పార్క్ ఎంట్రీ ఫీజుకి క్యాష్ ఉంచుకోండి, 2024 ఆగస్టు నుంచి విదేశీయులకి 200 డాలర్లు.

- షూ అడుగున మట్టి, గింజలు గీకేయండి. వేరేచోటి మొక్కలు, జంతువులే అక్కడ పెద్ద ముప్పు, మనుషులు తెచ్చిన మేకలు ఇసబెలా దీవిలో పెద్ద తాబేళ్లకి మేత లేకుండా ఊడ్చేశాయి, తర్వాత ఆ మేకల్ని ఏరేయడానికి హెలికాప్టర్లు దింపాల్సొచ్చింది మరి.

- నీళ్లలో దిగాలంటే వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు లాంటి డ్రెస్సు) కావాలి. భూమధ్యరేఖ మీదున్నా హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల నవంబర్ దాకా నీళ్లు చల్లగానే ఉంటాయి, అందుకేగా అక్కడ పెంగ్విన్లు బతికేది.

- జంతువులకి 2 మీటర్ల దూరం. సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) వచ్చి బెంచీ ఎక్కి పడుకుంటే లేవాల్సింది మీరే.

- లావా రాయి ముక్క కూడా తేవద్దు, నిషేధం.