తుఫాను వెలిసాక తెగిన తీగ జోలికెళ్ళకండి: ఉద్దానం ఊళ్ళకి కొన్ని జాగ్రత్తలు

మొన్న గాలివాన తగ్గిన పొద్దున్నే మాకు దగ్గర పల్లెలో ఒక పెద్దాయన జీడితోట దారిలో అడ్డంగా పడున్న తీగని పక్కకి లాగబోయి అక్కడికక్కడే పోయారు. రాత్రి నుంచి ఊరంతా చీకటే, ఎవరింట్లోనూ బల్బు వెలగలేదు, అందుకే ఆయనకి అనుమానమే రాలేదు. గాలికి బతికిన మనిషి గాలి ఆగాక పోయారు. ఈ ఒక్క తప్పు వల్లే మన వైపు ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తన్నాను, ఓపిగ్గా చదవండి.

మన తుఫాన్ల కాలం మనకి తెలిసిందే. ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014లో మళ్ళీ అదే తారీఖు, తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల మన పలాస వైపే తీరం దాటింది, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర. బియ్యం, పప్పు, కొవ్వొత్తులు, టార్చీ, ఫోన్ ఛార్జింగ్ ఇవన్నీ నేను చెప్పక్కర్లేదు, తిత్లీ చూసిన ఇల్లాలికి నాకంటే బాగా తెలుసు.

అసలు సంగతికొస్తాను. ఊళ్ళో కరెంటు లేదంటే తీగలో కరెంటు లేదని కాదు. మీ వీధికి ఫ్యూజు పోయి ఉండొచ్చు, పైన 11 కేవీ లైను, అంటే 11 వేల ఓల్టుల లైను, బతికే ఉంటాది. చాలా ఊళ్ళల్లో ఇళ్ళ లైను వేరు, పొలం మోటార్ల లైను వేరు, ఒకటి ఆగినా రెండోది నడుస్తాది. తీగ తెగి పొడి నేల మీదో కొబ్బరి మాను మీదో పడితే సబ్‌స్టేషన్లో కరెంటుని దానంతటదే ఆపేసే బ్రేకరు ఒక్కోసారి పడదు, తీగ నిప్పురవ్వ లేకుండా చప్పుడు లేకుండా అలా పడుకొని ఉంటాది. పైగా చెట్లు తీసేకొద్దీ లైను బాగుందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో సప్లయి ఇచ్చి చూస్తారు. పొద్దున్న ముట్టుకుంటే ఏమీ అవ్వని తీగ మధ్యాహ్నం మనిషిని చంపేస్తాది.

కర్రతో జరుపుతాం అంటారు. పచ్చి వెదురు, పచ్చి కొబ్బరి మట్ట, వానకి తడిసిన దుడ్డుకర్ర, వీటన్నిట్లోంచీ కరెంటు వస్తాది. రబ్బరు చెప్పులు 11 వేల ఓల్టులకి ఆగవు. కనీసం 10 మీటర్ల దూరంలో ఆగిపోండి, ఇటూ అటూ మనిషిని కాపలా పెట్టండి, కరెంటు వాళ్ళ నంబరు 1912కి గానీ మీ లైన్‌మేన్‌కి గానీ ఫోన్ చెయ్యండి. అప్పటికే దగ్గరికెళ్ళిపోయి కాళ్ళు జివ్వుమంటే పెద్ద అంగలు వెయ్యొద్దు, రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించుకొని నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ వెనక్కి రండి. నేలలో కూడా కరెంటు పాకి ఉంటాది, కాళ్ళ మధ్య దూరం పెరిగేకొద్దీ ఒంట్లోంచి ఎక్కువ పోతాది.

రెండోది జనరేటరు. తిత్లీ తర్వాత కొన్ని ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు రాలేదు, అద్దె జనరేటర్లు తెచ్చి బోర్లు నడిపి ట్యాంకులు నింపుకున్నాం, తప్పు లేదు, నీళ్ళు లేకపోతే ఎలా బతుకుతాం. కానీ దాన్ని తెచ్చి ఇంట్లో ప్లగ్గుకో మెయిన్ బోర్డుకో తగిలించేస్తన్నారు. ఆ కరెంటు మీ ఇంట్లో ఆగదు, సర్వీసు వైరు ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెళ్తాది, ఇక్కడి 230 ఓల్టులు అవతల వేలల్లోకి మారిపోతాయి. ఎక్కడో స్తంభం మీద మనకోసం పని చేస్తన్న కుర్రాడు పోతాడు. చేంజోవర్ స్విచ్చి, అంటే లైను కరెంటో జనరేటరో ఒక్కటే ఇంటికి కలిపే స్విచ్చి, అది లేకుండా ఇంటి వైరింగుకి జనరేటరు కలపొద్దు. మోటారుకైతే స్టార్టరు దగ్గర లైను వైపు వైర్లు ఎలక్ట్రీషియన్ చేత విప్పించి విడిగా కేబుల్ వేయించండి. ఇంకోటి, జనరేటరు వసారాలో, గొడ్లసాలలో పెట్టకండి. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటాది, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. ఆరుబయట, కిటికీలకి దూరంగా.

కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళ వాళ్ళకి విడిగా చెప్తన్నాను. డయాలసిస్ వాయిదా తుఫాను రోజునో మర్నాడో పడితే హెచ్చరిక రాగానే సెంటర్‌కి ఫోన్ చేసి ముందుకి జరపమని అడగండి, కుదరకపోతే ముందురోజే పలాసలోనో సోంపేటలోనో చుట్టాలింటికి చేరిపోండి. చెట్లు పడిపోయాక ఏ అంబులెన్సుకీ మీ ఊరికి వచ్చే దారి ఉండదు. మందులు రెండు వారాలకి సరిపడా తెచ్చుకోండి. తాగే నీళ్ళు ఎక్కువ పట్టుకోండి, కరెంటు లేకపోతే ఆర్వో ప్లాంటు నడవదు.

ఇంక మిగతావి గుర్తొచ్చినట్టు రాసేస్తన్నాను.

బట్టలారేసే దండెం ఇనప తీగదైతే ఈరోజే తీసేసి నైలాన్ తాడు కట్టండి.

చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి, ఏటీఎంలు, ఫోన్ పేలు పనిచెయ్యవు. బండిలో పెట్రోలు ముందే కొట్టించండి.

ఇంటి మీదకి వంగిన కొబ్బరి చెట్టు మట్టలు, కాయలు ముందే దించండి.

గాలి పెరగకముందే గొడ్లకి పలుపులు విప్పేయండి.

మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావొద్దు. అది తుఫాను కన్ను, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడతాది.

ఇంట్లోకి నీళ్ళొచ్చేలా ఉంటే ముందే మెయిన్ కట్టెయ్యండి. నీళ్ళల్లో నిలబడి స్విచ్చి ముట్టుకోవద్దు.

తీగల మీద పడ్డ చెట్టు మీరు నరకొద్దు. రంపపు మిషన్ ఉంది కదా అని అసలే వద్దు. లైన్ క్లియర్ తీసుకున్నామని, అంటే ఆ లైనుకి సప్లయి ఆపించామని, లైన్‌మేన్ నోటితో చెప్పాలి, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది లెక్క కాదు.

ఇంట్లో ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. స్తంభం తీగ తగిలిన మనిషైతే సప్లయి ఆపారని ఖాయం అయ్యేదాకా దగ్గరికి వెళ్ళకండి. కన్నకొడుకైనా సరే వెళ్ళకండి, రెండో శవం లేస్తాది.

పిల్లల్ని తోటల్లోకి కాయలు ఏరడానికి పంపకండి. మట్టల కింద తీగ కనపడదు.

కరెంటు లేదు కదా అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా అక్కడే ఆపండి, మీ నాన్నైనా, మీ మావయ్యైనా, ఊరి సర్పంచ్ అయినా.