ఏపీయూ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

మాది పర్లాకిమిడి. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను కాబట్టి విమానంలో ఏం జరిగినా తిట్లు నాకే. మొన్న మే నెలలో విశాఖలో విమానమెక్కిన మామయ్య ఫోన్ చేశాడు: "ఏరా, తలుపులేసి అరగంట ఉడకబెట్టారు! మన రైస్ మిల్లు జెనరేటరే నయం."

నిజానికి విమానంలోని ఏపీయూ (ఆగ్జిలియరీ పవర్ యూనిట్) కూడా జెనరేటరే. తోకలో ఉండే చిన్న జెట్ ఇంజిన్ అది. నేల మీద 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటూ, ఏసీ నడపడానికి, పెద్ద ఇంజిన్లు తిప్పడానికి గాలీ ఇస్తుంది.

లైట్లు వెలుగుతున్నాయి, చల్లదనం లేదు
ముందు డక్ట్‌లో, అంటే ఏపీయూ నుంచి గాలి వెళ్లే గొట్టంలో, ప్రెషర్ చూడండి. ప్రెషర్ బాగుంటే ఏపీయూని వదిలేయండి. ఏసీ ప్యాక్ (గాలిని చల్లబరిచే యూనిట్) హీట్ ఎక్స్ఛేంజర్‌లో దుమ్ము పేరుకుని ఉండొచ్చు. ఈ ఒక్క చూపు చూడక, మంచి యూనిట్‌ని దించేసేవాళ్లున్నారు. ప్రెషర్ తక్కువైతే టార్చ్ పట్టుకుని డక్ట్ వెంట వెళ్లండి. ఇన్సులేషన్ మీద గోధుమరంగులో మాడిన మచ్చ కనిపిస్తే గాలి కారేది అక్కడే. సీల్ మార్చి, క్లాంప్ సరైన టార్క్‌కి బిగించి, మళ్లీ నడిపి చూడాలి. లీకు లేకపోతే ఏపీయూ గాలిని డక్ట్‌లోకి వదిలే బ్లీడ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. ఆ తర్వాతే కంప్రెసర్ మీద అనుమానపడాలి. బ్లేడ్లు మురికిపడితే, పైగా ఎండ మండుతుంటే, ఎగ్జాస్ట్ వేడి హద్దుకు చేరుతుంది. అప్పుడు కంట్రోల్ బాక్స్ తనంతట తానే గాలి తగ్గిస్తుంది.

స్టార్ట్ కావడం లేదు
బ్యాటరీ వోల్టేజ్, గాలి లోపలికొచ్చే ఫ్లాప్ చూడండి. తిరుగుతోంది గానీ మంట అంటుకోకపోతే ఇగ్నైటర్, లేదా ఫ్యూయల్. టెన్షన్‌లో స్విచ్ పదేపదే నొక్కకండి, స్టార్టర్ మోటార్ కాలిపోతుంది.

తడి సాక్సుల వాసన
బేరింగ్ సీల్ దగ్గర ఆయిల్ కారి గాలిలో కలుస్తోంది. ఏపీయూ గాలి ఆపగానే వాసన తగ్గితే దొంగ దొరికినట్టే. కొన్నిసార్లు ఆయిల్ ఎక్కువ పోసినా ఇంతే.

నడుస్తూ ఆగిపోయింది
ఫాల్ట్ కోడ్ చదవకుండా మళ్లీ వేయకండి. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, వేడెక్కినా అదే ఆగిపోతుంది.

బాగుకాకపోతే రూల్స్ ఒప్పుకున్నంతవరకు ఏపీయూ లేకుండానే పంపుతారు. కరెంటు బయటి బండి నుంచి. ఇంకో బండి గాలితో ఒక ఇంజిన్ తిప్పి, దాని గాలితో రెండోది. (ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానానికి అసలు ఏపీయూనే ఉండదు. ప్రొపెల్లర్‌కి బ్రేక్ వేసి కుడి ఇంజిన్నే నడుపుతారు.)

మామయ్య కిటికీలోంచి హోరెత్తే బండినీ, లావుపాటి గొట్టాన్నీ చూశాడట. "పక్క మిల్లు నుంచి వైరు లాక్కున్నట్టు" అన్నాను.

"మరి డీజిల్ డబ్బులెవరిస్తార్రా?" అన్నాడు.