కీతో ఆన్సర్ కలవట్లేదా? ముందు మొత్తం ఎంఎల్ కూడండి

విజయనగరంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. అయానిక సమతాస్థితి పాఠం మొదలైందంటే చాలు, నోట్సు పట్టుకుని గుమ్మంలోనే నిలబడతారు. "మాస్టారూ, ఫార్ములా కరెక్టే, లాగ్ కరెక్టే, ఆన్సరు రాట్లేదేటండి?" అని. ఫార్ములా నిజంగానే కరెక్టుగా ఉంటుంది. వాళ్లు చూడనిది ప్రశ్నలో మొదటి లైను. ఎంత ఎంఎల్‌లో ఎంత ఎంఎల్ కలిపారో అక్కడే ఉంటుంది. కేఏ (ఆమ్లం అయనీకరణ స్థిరాంకం), కేఎస్పీ (ద్రావణీయతా లబ్ధం), హెండర్సన్ సమీకరణం (బఫర్ పీహెచ్ లెక్కగట్టే సూత్రం) మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ప్రెసిపిటేట్ (అవక్షేపం) వస్తుందని మీకొచ్చింది, రాదని కీలో ఉంది

కారణం: రెండు ద్రావణాలు కలిస్తే రెండింటి గాఢతా తగ్గుతుంది. మీరు తగ్గించలేదు.

2×10⁻⁵ మోలార్ బేరియం క్లోరైడ్ 50 ఎంఎల్, అంతే గాఢత ఉన్న సోడియం సల్ఫేట్ 50 ఎంఎల్ కలిపారనుకోండి. బేరియం సల్ఫేట్ కేఎస్పీ 1.1×10⁻¹⁰. ఇచ్చిన అంకెల్ని అలాగే గుణిస్తే క్యూ, అంటే అయాన్ల గాఢతల లబ్ధం, 4×10⁻¹⁰. కేఎస్పీ కన్నా ఎక్కువ కాబట్టి అవక్షేపం వస్తుందని రాసేస్తారు. కానీ బీకరులో ఇప్పుడున్నది 100 ఎంఎల్. బేరియం 1×10⁻⁵, సల్ఫేటూ 1×10⁻⁵. క్యూ 1×10⁻¹⁰. అవక్షేపం రాదు.

ఈ తప్పు నేనూ చేశాను. నా చేత్తో తయారుచేసిన పేపర్లోనే, కీతో సహా జెరాక్స్ తీయించి బ్యాచ్ మొత్తానికి పంచాక, బొబ్బిలి నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "కలిపాక వంద ఎంఎల్ అయిపోద్ది కదండీ, మరి గాఢత అలాగే ఉండిపోద్దేటండి?" అంది. ఆ సాయంత్రం ఎర్ర పెన్నుతో కూర్చుని కాపీలన్నీ దిద్దాను.

ఉప్పేసిన మజ్జిగ గ్లాసుడు, ఉప్పు లేని చోడంబలి గ్లాసుడు కలిపితే ఉప్పు సగానికి పలుచబడుతుందని ఎవరికీ చెప్పక్కర్లేదు. మరి పిల్లలు ఇక్కడెందుకు మర్చిపోతారు? నాకు తోచింది ఇది: దీనికి ముందు చేసేవి బఫర్ (పీహెచ్ అంత సులువుగా మారని ద్రావణం) లెక్కలు. హెండర్సన్‌లో లవణం పైన, ఆమ్లం కింద ఉంటాయి. మొత్తం ఘనపరిమాణం రెండుచోట్లా ఒకటే కాబట్టి కొట్టేసుకుపోతుంది. ఓ ఇరవై లెక్కల్లో ఎంఎల్ పట్టించుకోకుండానే ఆన్సరొస్తుంది, చెయ్యి అలాగే అలవాటుపడుతుంది. కేఎస్పీలో ఉన్నది గుణకారం, అక్కడ కొట్టేయడానికి ఏమీ ఉండదు. సమాన ఘనపరిమాణాలు కలిపితే బేరియం సల్ఫేట్ లాంటి దానికి క్యూ నాలుగో వంతు అవుతుంది. లెడ్ క్లోరైడ్‌కైతే క్లోరైడ్‌కి వర్గం ఉంది కాబట్టి ఎనిమిదో వంతు.

పరిష్కారం: క్యూ రాసే ముందు ఒక్కో అయాన్‌కీ విడిగా పాత గాఢతని దాని ఎంఎల్‌తో గుణించి, మొత్తం ఎంఎల్‌తో భాగించండి. "సగం చేస్తే సరిపోతుంది" అని మాత్రం బట్టీ పట్టకండి. 10 ఎంఎల్, 90 ఎంఎల్ కలిపితే మొదటిది పదో వంతవుతుంది, రెండోది పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. 0.01 మోలార్ ఉప్పునీటిలో ఘన సిల్వర్ క్లోరైడ్ వేశారంటే అసలు పలుచన చేసే పనే లేదు. క్లోరైడ్ రెండింటిలోనూ ఉంది కాబట్టి కామన్ అయాన్ లెక్క నేరుగా వేయండి: సిల్వర్ క్లోరైడ్ కేఎస్పీ 1.8×10⁻¹⁰ ని 0.01 తో భాగిస్తే ద్రావణీయత 1.8×10⁻⁸.

పీహెచ్ కొంచెంలో తప్పుతోంది

తేడా ఎంతో తీసి చూడండి, దొంగ అక్కడే దొరుకుతాడు. 0.30 వస్తే అది లాగ్ 2. బలమైన ఆమ్లాన్నో క్షారాన్నో రెట్టింపు నీళ్లలోకి తెచ్చి, గాఢత సగం చేయడం మరిచారు. ఎంఎల్ లెక్క సరిగ్గానే ఉంటే కాల్షియం హైడ్రాక్సైడ్ లాంటిది రెండు హైడ్రాక్సైడ్‌లు ఇస్తుందన్నది వదిలేసి ఉంటారు. తేడా 0.15 అయితే బలహీన ఆమ్లం గానీ, దాని లవణం గానీ. అక్కడ లాగ్ ముందు సగం ఉంటుంది.

0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 ఎంఎల్‌కి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 50 ఎంఎల్ పోస్తే మిగిలే సోడియం ఎసిటేట్ 0.05 మోలార్. పీకేఏ (కేఏకి లాగ్ తీసి గుర్తు మార్చింది) 4.74 తీసుకుంటే పీహెచ్ 8.72. 0.1 వేసినవాళ్లకి 8.87 వస్తుంది. ఆప్షన్లలో రెండూ ఇస్తారు, పేపర్ సెట్ చేసేవాళ్లకి మన బుద్ధి తెలుసు.

పీహెచ్ నుంచి గాఢతకి వెళ్తే తప్పొస్తోంది

బార్ దగ్గరే తప్పుతున్నారు. 4.74 కి యాంటీలాగ్ టేబుల్లో .74 చూసి 5.5×10⁻⁵ రాస్తారు. −4.74 అంటే 5 బార్ .26, అంటే −5 కి .26 కలిపినది. చూడాల్సింది .26, ఆన్సరు 1.8×10⁻⁵. రెండూ 10⁻⁴ కి 10⁻⁵ కి మధ్యే ఉంటాయి కాబట్టి అంచనాతో పట్టుకోలేరు. వచ్చినదానికి మళ్లీ లాగ్ తీసి సరిచూసుకోండి.

ఆమ్లానికి పీహెచ్ 8 వచ్చింది

10⁻⁸ మోలార్ హెచ్‌సీఎల్ కదూ? నీళ్ల నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లనీ లెక్కలోకి తీసుకుని వర్గ సమీకరణం వేయండి, 6.98 వస్తుంది. ఆమ్లం ఎంత పలుచనైనా క్షారమైపోదు.

వర్గమూలం షార్ట్‌కట్ పనిచేయట్లేదు

కేఏని గాఢతతో భాగించి వర్గమూలం తీసేదే ఆ షార్ట్‌కట్. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి అయనీకరణం 1.3 శాతమే, షార్ట్‌కట్ చెల్లుతుంది. 10⁻⁴ మోలార్‌కి అదే వాడితే 42 శాతం వస్తుంది. 5 శాతం దాటిందంటే వర్గ సమీకరణం వేయాల్సిందే.

ఉష్ణోగ్రత మారి కేడబ్ల్యూ (నీటి అయానిక లబ్ధం) మారిందేమో, సిల్వర్ అమ్మోనియాతో సంక్లిష్టం ఇచ్చిందేమో అని టెన్షన్ పడకండి. అలాంటివి ఉంటే ప్రశ్నలోనే చెబుతారు. కేఎస్పీ సూత్రం పలుచని ద్రావణాలకే. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో చిక్కటి ఉప్పునీళ్లకి వేసి, ఆన్సరు రాలేదని నా దగ్గరకి రాకండి.